బ్యాస్ గాలం సలహాలు ఒకదానికొకటి ఎందుకు పొసగవు?

క్లుప్తంగా: బ్యాస్ చేపకు గాలం వేసేవాళ్లు చెప్పే సలహాలు తరచూ ఒకదాన్నొకటి కొట్టేస్తుంటాయి. ప్రతి సలహా ఒక నీటి ఉష్ణోగ్రతలో, ఒక లోతులో, ఒక ఋతువులో పుడుతుంది. నోటి నుంచి నోటికి పోయేటప్పుడు ఆ షరతులు జారిపోయి ఎర పేరు ఒక్కటే మిగులుతుంది. ఎర, దారం, రీల్, రాడ్ ఏదైనా చివరికి చేసే పనులు రెండే. ఎరను చేప ఉన్న లోతుకు చేర్చాలి, చేప అందుకోగల వేగంతో నడపాలి. ఏ సలహాకైనా కొలబద్ద ఇదే.

అమెరికాలో డాలస్ చుట్టుపక్కల ఊళ్లలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు లూయిస్‌విల్, లవాన్, రే రాబర్ట్స్ జలాశయాలు కారులో అరగంట, గంట దూరం. పిల్లలు అడిగారనో, పక్కింటాయన రమ్మన్నాడనో ఒక రాడ్, ఒక రీల్ కొంటారు. అయోమయం అక్కడే మొదలవుతుంది. మెత్తటి ప్లాస్టిక్ వానపాము ఉంటే చాలు, ఇంకేమీ వద్దంటారు ఒకరు. దానితో పొద్దంతా కూర్చున్నా ఒక్కటీ పడదంటారు ఇంకొకరు. నెమ్మదిగా లాగమని ఒకరు, వేగంగా లాగమని ఒకరు. ఒడ్డు పక్కనే వేయమని కొందరు, ఈ నెలలో ఒడ్డున చేపే ఉండదని మరికొందరు. చెప్పేవాళ్లంతా ఏళ్ల తరబడి చేపలు పట్టినవాళ్లే. ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. అయినా తలా ఒక మాట ఎందుకవుతుందో తెలియాలంటే ముందు చేప గురించి, తర్వాత నీటి గురించి తెలియాలి.

ఏ చేప గురించి ఈ చర్చ

తెలుగు పాఠకులకు ముందుగా ఒక తేడా చెప్పాలి. మన పండుగప్పను హోటళ్లలో సీ బ్యాస్ అంటారు. అమెరికా గాలం చర్చల్లో వినిపించే బ్యాస్ దానికి దగ్గరి చుట్టం కూడా కాదు. ఇది ఉత్తర అమెరికా మంచినీటి సన్‌ఫిష్ కుటుంబానికి చెందిన చేప. ఇందులో ప్రధానమైనవి లార్జ్‌మౌత్, స్మాల్‌మౌత్, స్పాటెడ్ బ్యాస్. లార్జ్‌మౌత్‌కు కలుపు, మునిగిన చెట్లు, నిలవ నీరు ఇష్టం. స్మాల్‌మౌత్‌కు రాళ్లు, కాస్త చల్లని నీరు, ప్రవాహం ఇష్టం. ఫ్లోరిడా బ్యాస్‌ను చాలాకాలం లార్జ్‌మౌత్‌లో ఒక రకంగానే లెక్కవేశారు. జన్యు పరిశోధనల తర్వాత ఇప్పుడు దాన్ని వేరే జాతిగా చూస్తున్నారు. ఇది ఎక్కువ బరువు పెరుగుతుంది కాబట్టి టెక్సస్ ప్రభుత్వం 1970ల నుంచి తన జలాశయాల్లో వదులుతూ వచ్చింది.

స్వభావంలో దీనికి మన కొర్రమీనుతో పోలిక ఉంది. రెండూ మాటు వేసి పట్టే చేపలే. కలుపు నీడనో, మొద్దు చాటునో కదలకుండా నిలబడి, దగ్గరికి వచ్చినదాని మీద ఒక్కసారి దూకుతాయి. రెండూ పిల్లలకు కాపలా కాస్తాయి. తెలుగు నేల మీద రబ్బరు కప్పతో కొర్రమీనుకు గాలం వేసిన అలవాటున్నవారికి, కలుపు మీద కప్పను గెంతించి లార్జ్‌మౌత్‌ను పైకి రప్పించే పద్ధతి కొత్తగా అనిపించదు. ఒక తేడా మాత్రం ఉంది. కొర్రమీను పైకి వచ్చి గాలి పీల్చుకోగలదు కాబట్టి ఆక్సిజన్ తగ్గిన నీటిలోనూ బతుకుతుంది. బ్యాస్‌కు ఆ వెసులుబాటు లేదు. నీటిలో ఆక్సిజన్ ఎక్కడుంటే అది అక్కడే ఉండాలి. వేసవి సలహాలన్నిటికీ మూలం ఇదే.

నీటి వేడిని బట్టి చేప రోజు

చేప ఒంటి వేడి నీటి వేడిని బట్టే మారుతుంది. నీరు 10 డిగ్రీల సెల్సియస్ చల్లబడితే ఇలాంటి జీవుల జీవక్రియ వేగం దాదాపు సగానికి పడిపోతుందని స్థూలంగా చెప్పుకోవచ్చు. జనవరిలో 8 డిగ్రీల నీటిలో ఉన్న బ్యాస్‌కు తిన్నది అరగడానికే చాలా సమయం పడుతుంది. ఆకలి తక్కువ, దేన్నీ వెంటాడే ఓపిక అంతకన్నా తక్కువ. ఎరను అడుగున పాకించి, ఆపి, పది లెక్కపెట్టి మళ్లీ కదపమనే సలహా అలాంటి నీటిలో పుట్టింది. జూలైలో 29 డిగ్రీల నీటిలో ఉన్న చేప సంగతి వేరు. దాని ఒంట్లో ఇంధనం గబగబా ఖర్చవుతోంది, తరచూ తినాలి. పైగా నీరు తేటగా ఉంటే నెమ్మదిగా పోయే ఎరను పరిశీలించి వదిలేసే అవకాశం దానికి దొరుకుతుంది. వేగంగా లాగితే ఆ అవకాశం ఉండదు. ఈ రెండు సలహాలూ నిజమే, మధ్యలో ఆరు నెలలు ఉన్నాయి. నెల చెప్పకుండా వేగం చెప్పడం వల్లే గొడవ.

వసంతంలో ఇంకో లెక్క నడుస్తుంది. నీరు 15 నుంచి 18 డిగ్రీలకు, అమెరికా లెక్కలో 60 నుంచి 65 ఫారెన్‌హీట్‌కు వచ్చేసరికి మగ బ్యాస్ లోతు తక్కువ చోటికి వచ్చి, తోకతో అడుగు ఊడ్చి గుండ్రటి గూడు చేస్తుంది. ఆడ చేప గుడ్లు పెట్టి వెళ్లిపోతుంది. గుడ్లకు, పిల్లలకు కాపలా మగదే. ఆ రోజుల్లో గూడు మీదికి వచ్చిన దేన్నైనా అది నోటితో పట్టి అవతల పారేస్తుంది. ఆకలితో పట్టదు, గూటిని కాపాడుకోవడానికి పడుతుంది. అందుకే వసంతంలో ఏ ఎరైనా పని చేసినట్టే కనిపిస్తుంది, పొగడ్త మాత్రం ఆ పూట దారానికి కట్టి ఉన్న ఎరకు దక్కుతుంది.

గూడు కట్టే నెల ఊరును బట్టి మారుతుంది. ఫ్లోరిడా దక్షిణాన డిసెంబరు, జనవరిలోనే మొదలవుతుంది. టెక్సస్‌లో ఫిబ్రవరి నుంచి మే వరకు సాగుతుంది, మిషిగన్, మిన్నెసోటాల్లో మే, జూన్ వరకు ఆగాలి. ఏప్రిల్‌లో ఫలానా ఎర అద్భుతమని మిషిగన్ మనిషి చెప్పిన మాట అక్కడ ఇంకా చల్లగా ఉన్న నీటికి సంబంధించింది. అదే ఏప్రిల్‌లో డాలస్ దగ్గర చాలా చేపలు గుడ్లు పెట్టే పని ముగించుకుని అలసటతో ఉంటాయి. సలహా విన్న వెంటనే అడగాల్సిన మొదటి ప్రశ్న నీరు ఎన్ని డిగ్రీలని. నీటి థర్మామీటర్ ధర కొత్త ఎరల ప్యాకెట్ ఒకటో రెండో కొన్నంత, ఉపయోగం వాటన్నిటికంటే ఎక్కువ.

వేసవిలో లోతైన జలాశయం పొరలుగా విడిపోతుంది. పైన వేడి నీరు తేలికగా తేలుతుంది, కింద చల్లని నీరు బరువుగా కూర్చుంటుంది. మధ్యలో వేడి గబుక్కున పడిపోయే పలుచటి పొర ఉంటుంది, దీన్ని థెర్మోక్లైన్ అంటారు. ఆ పొర కిందికి గాలి సోకదు, వెలుతురు అందదు. పైనుంచి రాలిన ఆకులు, చచ్చిన నాచు కుళ్లుతూ అక్కడి ఆక్సిజన్‌ను హరించేస్తాయి. వేసవిలో చేపలు లోతుకు పోతాయన్న మాట ఆ పొర వరకే నిజం. దాని కిందికి దించిన ఎరను చూసే చేపే ఉండదు. మరోవైపు కలుపు దట్టంగా ఉన్న చోట నీడ, ఆక్సిజన్, చిన్న చేపలు మూడూ దొరుకుతాయి కాబట్టి కొన్ని బ్యాస్‌లు ఎండాకాలమంతా నాలుగడుగుల నీటిలోనే ఉండిపోతాయి. ఒడ్డున ఉందన్నవారూ లోతులో ఉందన్నవారూ చూసింది వేర్వేరు చేపలను. శరదృతువులో పై నీరు చల్లబడి బరువెక్కి కిందికి దిగుతుంది, పొరలు కలిసిపోతాయి. కొన్నాళ్లు చెరువంతా కలగాపులగమై, ఆక్సిజన్ అన్ని లోతుల్లోకీ చేరి చేపలు చెల్లాచెదురవుతాయి. నిన్నటిదాకా పడిన చోట ఈరోజు ఒక్కటీ లేదన్న ఫిర్యాదు ఆ రోజుల్లో ఎక్కువ వినిపిస్తుంది.

వాతావరణ పీడనం గురించి కూడా ఒక మాట చెప్పుకోవాలి. పీడనం పెరిగితే చేప నోరు మూస్తుందని చాలామంది గట్టిగా నమ్ముతారు. లెక్క చూస్తే ఒక హెక్టోపాస్కల్ పీడనం దాదాపు ఒక సెంటీమీటరు నీటి బరువుతో సమానం. తుఫాను వచ్చి వెళ్లినప్పుడు పీడనం 20 హెక్టోపాస్కల్స్ మారిందనుకుంటే, 20 సెంటీమీటర్లు పైకో కిందికో ఈదిన చేపకు అంతే తేడా తెలుస్తుంది. బ్యాస్ రోజుకు ఎన్నోసార్లు అంతకన్నా ఎక్కువ ఎక్కి దిగుతుంది. చల్లగాలి వెళ్లిన మర్నాడు చేపలు పడకపోవడం అనుభవంలో ఉన్నదే. అయితే ఆ రోజు ఆకాశం తేటపడి వెలుతురు పెరుగుతుంది, గాలి ఆగుతుంది, లోతు తక్కువ చోట నీరు చల్లబడుతుంది. కారణాన్ని పీడనంలో కంటే ఈ మూడింటిలో వెతకడం సబబు.

ఎర పేరు వెనక ఉన్న లోతు

దుకాణంలో గోడ నిండా వేలాడే ఎరలను రంగులను బట్టి చూస్తే తల తిరుగుతుంది. లోతును బట్టి చూస్తే గోడ చిన్నదవుతుంది. నీటి పైన నడిచేవి కప్ప, పాపర్, బజ్‌బెయిట్. పై నాలుగైదు అడుగుల్లో వేగంగా పోయేవి రెక్క తిరిగే స్పిన్నర్‌బెయిట్, ముందున్న రేకుతో వణికే చాటర్‌బెయిట్. ముందు ప్లాస్టిక్ నాలుక ఉన్న క్రాంక్‌బెయిట్ ఆ నాలుక పొడవును బట్టి 3 అడుగుల నుంచి 20 అడుగుల పైచిలుకు వరకు మునుగుతుంది. అడుగున పాకేవి జిగ్ (ముల్లు మెడకే గుండు ఉన్న ఎర), ప్లాస్టిక్ వానపాము. అడుక్కి కాస్త పైన ఒకేచోట నిలిచి వణికేది డ్రాప్‌షాట్.

ప్లాస్టిక్ వానపాముకు అంత పేరు ఎందుకంటే ఒకే వస్తువుతో చాలా లోతులు, చాలా వేగాలు సాధ్యమవుతాయి. ఒహాయోలోని ఆక్రన్‌కు చెందిన నిక్ క్రీమ్ 1949లో దీన్ని తయారుచేశారు. తర్వాత టెక్సస్ రిగ్ వచ్చింది. తూటా ఆకారపు గుండును దారానికి ఎక్కించి, ముల్లు మొనను ప్లాస్టిక్‌లోనే దాచేస్తారు. మొన బయటికి లేదు కాబట్టి కలుపులో, మునిగిన కొమ్మల్లో చిక్కుకోదు, చేప నోరు నొక్కినప్పుడే బయటపడుతుంది. గుండు బరువు మార్చితే దిగే వేగం మారుతుంది. అసలు గుండే లేకుండా నడిమికి ముల్లు గుచ్చి వదిలితే రెండు చివరలూ ఊగుతూ నెమ్మదిగా దిగుతుంది. దీన్ని వాకీ రిగ్ అంటారు. వానపాముతో పడిందని ఎవరైనా చెబితే అది సగం సమాచారమే. గుండు ఎంత, ఎన్ని అడుగుల్లో, లాగారా వదిలేశారా అన్నది మిగతా సగం, చర్చల్లో ఎక్కువగా తప్పిపోయేది అదే.

రంగు మీద ఖర్చయ్యే మాటలకు లెక్కే లేదు. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లో వెలువరించిన అధ్యయనం ఇక్కడ పనికొస్తుంది. లార్జ్‌మౌత్ కంట్లో రంగును పసిగట్టే కణాలు ప్రధానంగా రెండు రకాలు, ఒకటి ఎరుపుకు, ఒకటి పచ్చకు. ఎరుపును, పచ్చను అది మిగతా రంగుల నుంచి బాగానే వేరుచేస్తుంది. మెరిసే నిమ్మపసుపుకూ తెలుపుకూ, నీలానికీ నలుపుకూ మధ్య తేడా దానికి సరిగా తెలియదని ఆ ప్రయోగాల్లో తేలింది. నీలమే మేలని ఒకరు, నలుపే మేలని ఒకరు వాదించుకుంటే ఇద్దరూ చేప కంటికి దాదాపు ఒకే ఎర చూపిస్తున్నారన్నమాట. దీనికి తోడు నీరు ఎర్రటి వెలుతురును ముందుగా మింగేస్తుంది. లోతుకు పోయేకొద్దీ ఎరుపు ఎరుపుగా మిగలదు. ఆచరణలో తేలే సూత్రం చిన్నదే. తేట నీటిలో అక్కడి చిన్న చేపను పోలిన లేత రంగు, బురద నీటిలో ఆకారం గట్టిగా కనిపించే ముదురు రంగు. బురద నీటిలో కంటికన్నా చేప ఒంటి పక్కన ఉండే స్పర్శరేఖకు పని ఎక్కువ. నీటి కదలికను అది పట్టేస్తుంది కాబట్టి రెక్క తిరిగే ఎర, వణికే ఎర అక్కడ మేలు.

దారం చర్చలో సగం నిజాలు

ఇప్పుడు వాడుకలో మూడు రకాల దారాలు ఉన్నాయి. నైలాన్, ఫ్లోరోకార్బన్, జడలా అల్లిన పాలిథిలిన్. చివరిదాన్ని బ్రెయిడ్ అంటారు. వీటి మధ్య వాదనలను సాంద్రత ఒక్కటే చాలావరకు తీరుస్తుంది. నీటి సాంద్రత 1 అయితే బ్రెయిడ్ సుమారు 0.97, తేలుతుంది. నైలాన్ సుమారు 1.14, మెల్లగా మునుగుతుంది. ఫ్లోరోకార్బన్ సుమారు 1.78, గబగబా మునుగుతుంది. నీటి మీద గెంతాల్సిన పాపర్‌కు ఫ్లోరోకార్బన్ కడితే దారం దాని ముక్కును కిందికి లాగుతూ ఉంటుంది. అడుగున పాకాల్సిన ఎరకు బ్రెయిడ్ ఒక్కటే కడితే దారం పైన విల్లులా వంగి, చేప ముట్టిన జాడ ఆలస్యంగా తెలుస్తుంది. ఒకే దారాన్ని ఒకరు మెచ్చుకుని ఒకరు తిట్టడానికి కారణం చాలాసార్లు ఇదే.

ఫ్లోరోకార్బన్ నీటిలో కనిపించదన్న ప్రచారం కొంతవరకే నిజం. వెలుతురును వంచే గుణంలో నీటి సూచిక 1.33, ఫ్లోరోకార్బన్‌ది 1.42, నైలాన్‌ది 1.5 దాటుతుంది. నైలాన్ కన్నా నీటికి దగ్గర కాబట్టి తక్కువ కనిపిస్తుంది, మాయమైపోదు. లావు దారం తేట నీటిలో కనిపిస్తూనే ఉంటుంది. చేయి ముంచితే వేళ్లు కనిపించని నీటిలో ఈ తేడాకు డబ్బు పెట్టనక్కర్లేదు. ఫ్లోరోకార్బన్ సాగదన్నది ఇంకో మాట. బ్రెయిడ్ దాదాపు సాగదు. ఫ్లోరోకార్బన్ సాగుతుంది, కానీ నైలాన్‌లా నీరు పీల్చి మెత్తబడదు. దాని ముడి మాత్రం సున్నితం. తడపకుండా బిగిస్తే రాపిడి వేడికే ముడి దగ్గర దెబ్బతింటుంది. పెద్ద చేప తెంపుకుపోయిందని చెప్పే సందర్భాల్లో దారం చివర మెలికలు తిరిగి ఉంటే తెగింది దారం కాదు, ముడి జారింది.

బ్రెయిడ్ సన్నగా ఉంటూనే గట్టిగా ఉంటుంది. 30 పౌండ్ల బ్రెయిడ్ దాదాపు 8 పౌండ్ల నైలాన్ అంత లావే. కలుపులోంచి చేపను పీకి లాగాలంటే దానికి సాటి లేదు. తేట నీటిలో కనిపిస్తుంది కాబట్టి చివర ఆరేడు అడుగుల ఫ్లోరోకార్బన్ ముక్క కలుపుతారు. సాగని గుణమే ఒక్కోసారి నష్టం. క్రాంక్‌బెయిట్‌కు ఉండే మూడు మొనల చిన్న ముళ్లు చేప మూతి అంచున పైపైనే గుచ్చుకుంటాయి. సాగని దారం, గట్టి రాడ్ రెండూ కలిస్తే ఆ ముళ్లు మూతి చీల్చుకుని ఊడి వస్తాయి. అందుకే క్రాంక్‌బెయిట్‌కు సగం దాకా వంగే మెత్తటి రాడ్ వాడతారు. మందపాటి ఒంటిముల్లును గట్టి మూతిలోకి దించాల్సిన జిగ్‌కు మొన దగ్గరే వంగే గట్టి రాడ్ కావాలి. దారం ఒకరి మాట విని, రాడ్ ఇంకొకరి మాట విని కొన్నవారికి ఇబ్బంది ఇక్కడే వస్తుంది. రెండు మంచి వస్తువులు కలిసి చెడ్డ జత అవుతాయి.

రీల్ మీద ఉండే అంకె

7.1:1 అని రీల్ మీద రాసి ఉంటే పిడి ఒక చుట్టుకు దారం చుట్టుకునే డ్రమ్ము 7.1 చుట్లు తిరుగుతుందని అర్థం. అలాంటి రీల్ ఒక్క చుట్టుకు సుమారు 70 సెంటీమీటర్ల దారం లాగుతుంది. 5:1 రీల్ దాదాపు 50 సెంటీమీటర్లు లాగుతుంది, కానీ లోతుగా మునిగే బరువైన క్రాంక్‌బెయిట్‌ను చేతికి శ్రమ లేకుండా లాక్కొస్తుంది. సైకిల్ గేర్లలాగే. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ అని లేదు.

కొత్తవారిని ఎక్కువ విసిగించేది బెయిట్‌కాస్టింగ్ రీల్‌లో దారం చిక్కుపడటం. విసిరినప్పుడు ఎర లాగుడుకు డ్రమ్ము గిర్రున తిరుగుతుంది. గాల్లో ఎర వేగం తగ్గుతుంది, డ్రమ్ము వేగం తగ్గదు. ఎక్కువగా వదిలిన దారం పోయే దారి లేక లోపలే ముడులు పడుతుంది. దీన్ని ఆపేందుకే రీల్ పక్కన అయస్కాంతం బ్రేకు ఉంటుంది. అల్యూమినియం డ్రమ్ము అయస్కాంతం దగ్గర తిరిగితే దానిలో విద్యుత్తు సుడులు పుట్టి వేగాన్ని అణుస్తాయి. ఎంత వేగమో అంత అణచివేత. ఏడు గ్రాముల లోపు తేలిక ఎర ఆ డ్రమ్మును తిప్పడానికే చాలదు. స్పిన్నింగ్ రీల్‌లో డ్రమ్ము తిరగదు, దారం అంచు మీదుగా వలయాలుగా జారిపోతుంది కాబట్టి తేలిక ఎరలకు అదే సరి. మొదటిసారి కొనేవారికి స్పిన్నింగ్ రీల్ చెప్పడంలో ఈ న్యాయం ఉంది.

సలహా ఎక్కడ పుడుతుంది

బ్యాస్ గాలం ఒక పరిశ్రమగా మారడానికి పోటీలు కారణం. రే స్కాట్ 1967లో ఆర్కన్సాలోని బీవర్ లేక్‌లో పెద్ద పోటీ పెట్టారు, ఆ మరుసటి ఏడాది బ్యాస్ ఆంగ్లర్స్ స్పోర్ట్స్‌మన్ సొసైటీని స్థాపించారు. 1971లో ఆ సొసైటీ ఛాంపియన్‌షిప్ పోటీ అయిన బ్యాస్‌మాస్టర్ క్లాసిక్ తొలిసారి జరిగింది. అప్పటి నుంచి గెలిచినవారి చేతిలోని ఎర మర్నాటికి దుకాణాల్లో ఖాళీ అవడం ఆనవాయితీ అయింది. 2011 అక్టోబరులో పాల్ ఇలియాస్ గంటర్స్‌విల్ జలాశయంలో జరిగిన పోటీలో అలబామా రిగ్‌తో గెలిచారు. గొడుగు ఊచల్లా విచ్చుకున్న తీగలకు అయిదు ఎరలు కట్టి చిన్న చేపల గుంపులా నడిపే సాధనం అది. కొద్ది వారాల్లో దేశమంతా దానికోసం ఎగబడింది. కొన్ని నెలలకే కొన్ని పెద్ద పోటీల్లో దాన్ని నిషేధించారు.

గెలిచినవారు నిజమే చెబుతారు. అయితే వారు పోటీకి ముందు రోజుల తరబడి పడవలో తిరిగి, చేపలు ఏ లోతులో ఉన్నాయో కనిపెట్టి ఉంటారు. చెప్పే ఎర ఆ వెతుకులాట చివర మిగిలింది. ఒడ్డున నిలబడి వేసేవారికి ఎర అందుతుంది, వెతుకులాట అందదు. అదే ఎరతో అదే రోజు ఏమీ పట్టలేకపోయిన వంద మంది మాట ఎవరూ అడగరు, కాబట్టి ఎర ఖాతాలో గెలుపే మిగులుతుంది.

ఈ దూరాన్ని సోనార్, అంటే ధ్వని తరంగాలతో పడవ ముందున్న నీటి లోపలిని చూపే పరికరం, ఇంకా పెంచింది. గార్మిన్ కంపెనీ తయారుచేసిన అలాంటి లైవ్‌స్కోప్ 2018లో వచ్చింది. పడవ ముందు చేప కదలడం, ఎర వైపు తిరగడం అప్పటికప్పుడు తెర మీద కనిపిస్తుంది. లోతులో నీటి మధ్య తేలాడే చేపలను ఇదివరకు ఎవరూ పెద్దగా పట్టేవారు కాదు. ఇప్పుడు చిన్న జిగ్‌తలకు మెత్తటి చేపబొమ్మ గుచ్చి వాటి ముందు దించుతున్నారు. ఈ ఎర గురించి వస్తున్న పొగడ్తలో ఎక్కువ భాగం తెరకు చెందాలి. మేజర్ లీగ్ ఫిషింగ్ అనే పోటీల సంస్థ 2025లో తన అగ్రశ్రేణి పోటీల్లో రోజులోని మూడు భాగాల్లో ఒక్కదానిలోనే దీన్ని వాడనిచ్చింది. తెర లేనివారు ఈ పద్ధతిని ఒడ్డు నుంచి అనుకరిస్తే వారికి దక్కేది ఎక్కువగా విసుగే.

రికార్డు చేపల కథ ఇంకో వైపు చూపిస్తుంది. 1932 జూన్ 2న జార్జియాలో జార్జ్ పెర్రీ 22 పౌండ్ల 4 ఔన్సుల బ్యాస్ పట్టాడు, అంటే దాదాపు 10.1 కిలోలు. 2009 జూలై 2న జపాన్‌లోని బీవా సరస్సులో మనాబు కురిటా పట్టిన చేప దానికన్నా ఔన్సు లోపే ఎక్కువ తూగింది. ఈ బరువు చేపల్లో పాత రికార్డు చెరగాలంటే కనీసం రెండు ఔన్సులు మించాలన్న నియమం వల్ల ఇద్దరినీ సమానంగా నమోదు చేశారు. ఒకరిది కరువు కాలపు పల్లెటూరి గాలం, చేతిలో చెక్క ఎర. ఇంకొకరిది ఆధునిక సామగ్రి, కానీ ముల్లుకు గుచ్చింది బతికున్న బ్లూగిల్ అనే చిన్న చేప. 77 ఏళ్లలో సామగ్రి అంతా మారినా ఫలితం సమానమైంది.

చేప నేర్చుకుంటుందా

ఒకప్పుడు బాగా పనిచేసిన ఎర ఇప్పుడు పనిచేయడం లేదన్న మాటలో నిజం ఉండే అవకాశం ఉంది. ఇల్లినాయ్‌లోని రిడ్జ్ లేక్‌లో 1970లలో మొదలైన పరిశోధనలో పట్టిన ప్రతి బ్యాస్‌కు గుర్తు వేసి వదిలారు. కొన్ని చేపలు పదేపదే పడ్డాయి, కొన్ని ఒక్కసారి కూడా పడలేదు. సులువుగా పడేవాటిని ఒక వంశంగా, పడనివాటిని ఇంకో వంశంగా పెంచి మూడు తరాలు చూశారు. తరం తరానికీ తేడా పెరిగింది. గాలానికి చిక్కే గుణం కొంతవరకు వంశపారంపర్యమని 2009లో ప్రచురించారు. సులువుగా చిక్కే మగ చేపలే గూటిని ఎక్కువ పట్టుదలగా కాపాడతాయని తర్వాతి అధ్యయనాలు చూపాయి. జనం ఎక్కువగా గాలం వేసే చెరువులో మొండి చేపలు మిగిలిపోతాయని, మంచి తండ్రులు తగ్గిపోతాయని దీన్నిబట్టి అనుకోవచ్చు. గాలాల తాకిడి ఎక్కువున్న నీటిలో చిన్న ఎర, సన్నటి దారం వైపు సలహాలు మొగ్గడం దీనికి సరిపోతుంది.

ధరలు, గుండ్లు

సామగ్రి చర్చలో ఇప్పుడు బాగా వినిపించేది గుండ్లకు సీసం బదులు వాడే టంగ్‌స్టన్ ధర. సీసం సాంద్రత 11.3, టంగ్‌స్టన్‌ది 19.3. అదే బరువుకు గుండు చిన్నదవుతుంది, గట్టి లోహం కాబట్టి అడుగున రాయి తగిలిందో, బురద తగిలిందో చేతికి తెలుస్తుంది. న్యూ హ్యాంప్‌షైర్, మెయిన్, వెర్మాంట్, మసాచుసెట్స్ రాష్ట్రాలు చిన్న సీసపు గుండ్లపై ఆంక్షలు పెట్టాయి, లూన్ అనే నీటి పక్షులు వాటిని మింగి సీసం విషంతో చనిపోతుండటమే కారణం. ప్రపంచంలో టంగ్‌స్టన్‌లో అత్యధిక భాగం చైనా నుంచి వస్తుంది. 2025 ఫిబ్రవరిలో చైనా దాని ఎగుమతిపై నియంత్రణలు విధించింది. ఆ భారం చివరికి గాలం వేసేవారి జేబు దాకా వస్తుంది. చేప ఉన్న లోతుకు చేరడమే పని అయినప్పుడు, సీసంపై నిషేధం ఉన్న చోట ఉక్కు గుండు కూడా ఆ పని చేస్తుంది, కాస్త లావుగా ఉంటుందంతే.

అమెరికాలో గాలం సామగ్రి మీద 10 శాతం ఫెడరల్ ఎక్సైజ్ పన్ను ఉంది. 1950 నాటి చట్టం, 1984 సవరణ ప్రకారం ఆ సొమ్ము రాష్ట్రాల మత్స్య శాఖలకు వెళ్లి చేపపిల్లల పెంపకానికి, పడవల రేవులకు ఖర్చవుతుంది. అనవసరంగా కొన్న ఎర కూడా చెరువుకు కొంత మేలు చేస్తుంది.

నియమాలు, వదిలిపెట్టడం

టెక్సస్‌లో 17 ఏళ్లు నిండినవారికి లైసెన్సు కావాలి. రాష్ట్ర పార్కుల లోపల ఒడ్డు నుంచి వేస్తే అక్కర్లేదు, కొత్త కుటుంబాలకు ఇది మంచి వెసులుబాటు. లార్జ్‌మౌత్‌కు సాధారణ పరిమితి రోజుకు అయిదు, పొడవు కనీసం 14 అంగుళాలు. కొన్ని జలాశయాలకు వేరే లెక్క ఉంటుంది. ప్రసిద్ధమైన లేక్ ఫోర్క్‌లో 16 నుంచి 24 అంగుళాల మధ్య చేపను తప్పనిసరిగా వదిలేయాలి. కెనడాలో ఉంటున్నవారికి ఇంకా జాగ్రత్త కావాలి. దక్షిణ ఒంటారియోలో చాలాచోట్ల జూన్ రెండో సగం దాకా బ్యాస్ కాలం తెరవరు. వెళ్లే ముందు ఆ నీటికి వర్తించే నియమాన్ని ప్రభుత్వ పుస్తకంలో చూసుకోవాలి, పక్కవారి మాట చాలదు.

వదిలేసిన చేప బతకడం వదిలిన తీరును బట్టి ఉంటుంది. తడి చేత్తో పట్టుకోవాలి, పొడి చేయి ఒంటి మీది జిగురును తుడిచేస్తుంది. కింది దవడ పట్టి నిటారుగా వేలాడదీయవచ్చు. పెద్ద చేపను అలా అడ్డంగా వంచితే దవడ దెబ్బతింటుంది, రెండో చేయి పొట్ట కింద ఉండాలి. వేసవిలో వేడి నీటిలో ఆక్సిజన్ తక్కువ, పెనుగులాడి అలసిన చేప తేరుకోవడం కష్టం. అందుకే ఆ నెలల్లో సన్నటి దారంతో సరదాగా ఆడించడం కన్నా గట్టి దారంతో త్వరగా ఒడ్డుకు చేర్చడం చేపకు మేలు. ఫొటో కోసం గాల్లో ఉంచే సమయం మనిషి ఊపిరి బిగపట్టగలిగినంతకు మించకూడదు.

వసంతంలో గూడు మీద పట్టిన మగ చేప విషయంలో నిమిషాలకూ విలువ ఉంది. అది లేని చోటు కనిపెట్టి బ్లూగిల్‌లు గుంపుగా వచ్చి గుడ్లు తినడం మొదలుపెడతాయి. పట్టిన చోటే వెంటనే వదిలితే చాలావరకు అది నేరుగా గూటికి వెళ్లి వాటిని తరిమేస్తుంది. పడవలోని నీళ్ల తొట్టెలో వేసుకుని పోటీ తూకానికి అవతలి గట్టుకు తీసుకెళ్తే, అది తిరిగి వచ్చేసరికి కాపలా కాయడానికి గూట్లో ఏమీ ఉండదు.